ఛాతీ కింద నొప్పి మళ్లీ మళ్లీ వస్తోందా? "గ్యాస్" అని పేరు పెట్టేముందు ఇలా చూసుకోండి

నెల్లూరు దగ్గర కోవూరులో మెడికల్ షాపులో కూర్చోబట్టి నాకు 18 ఏళ్లు. రొమ్ము ఎముక అడుగున, రెండు వైపుల పక్కటెముకలూ కలిసేచోట అరచేత్తో రుద్దుకుంటూ "అన్నా, గ్యాస్ బిళ్ళ ఒకటియ్యి" అని అడిగేవాళ్లు రోజుకి పది మందైనా వస్తారు. ఇదివరకు అడిగిందే తడవుగా ఇచ్చేసేవాణ్ణి. ఇప్పుడు ముందు నాలుగు ప్రశ్నలు అడుగుతున్నాను. కొంతమంది విసుక్కుంటారు, అయినా అడుగుతాను. నేను డాక్టర్ని కాదు, ఈ నొప్పి ఫలానాదే అని తేల్చి చెప్పేవాణ్ణీ కాదు. కానీ డాక్టర్ దగ్గరికి వెళ్లేలోపు మీ నొప్పిని మీరు ఎలా గమనించుకోవాలి, ఏది ఆగొచ్చు, ఏది ఒక్క నిమిషం కూడా ఆగకూడదు అన్నది మాత్రం చెప్పగలను.

ముందు ఆగకూడని నొప్పి సంగతి.

నొప్పి అనడం కన్నా బరువు అనాలి, ఎవరో మోకాలు పెట్టి నొక్కుతున్నట్టు, గుడ్డ పిండినట్టు ఉంటుంది. అది పది నిమిషాలు దాటినా తగ్గకపోయినా, దాంతోపాటు చల్లటి చెమటలు పట్టినా, దవడకో చేతికో భుజాలకో వీపుకో పాకినా, ఊపిరి అందకపోయినా, కళ్లు తిరిగినా, వాంతి వచ్చేట్టు ఉన్నా 108కి ఫోన్ చేయండి. ఇవన్నీ కలిసి రావాలని లేదు, ఏ ఒక్కటి ఉన్నా చాలు. తెల్లారనీ, ఆర్ఎంపీ వచ్చి చూడనీ, సోడా తాగి చూద్దాం అనుకోవద్దు. బండి వేసుకుని మీరే బయల్దేరొద్దు, దారిలో స్పృహ తప్పితే ఇంకో ప్రమాదం. ఆస్పిరిన్ పడకపోవడం, కడుపులో పుండు, రక్తం పడటం లాంటివి లేకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగమంటారు, 75 బిళ్ళలైతే నాలుగు అవుతాయి. అయితే 108 వాళ్లకి ఫోన్లో నొప్పి ఎలా ఉందో చెప్పి, వాళ్లు వేసుకోమంటేనే వేసుకోండి. నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్రం మీకోసం డాక్టర్ రాసిస్తే తప్ప పక్కింటివాళ్ల డబ్బాలోంచి తీసి పెట్టుకోవద్దు, బీపీ ఒక్కసారిగా పడిపోతుంది.

షుగర్ ఉన్నవాళ్లు, పెద్దవాళ్లు, ఆడవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. వీళ్లలో చాలామందికి సినిమాల్లో చూపించినట్టు గుండె పట్టుకుని పడిపోయే నొప్పి రాదు. కడుపు పైభాగంలో వికారం, ఆయాసం, కారణం లేని నీరసం, అంతే. గుండె అడుగు గోడకి రక్తం అందకపోతే నొప్పి సరిగ్గా కడుపు పైన, మనం గ్యాస్ అనుకునే చోటే తెలుస్తుంది. ఉదయగిరి, సీతారామపురం వైపు వాళ్లకి నెల్లూరు రావాలంటే దారిలోనే రెండు గంటలు పోతాయి, కాబట్టి వాళ్లు ఇంట్లో ఆలోచిస్తూ ఇంకో రెండు గంటలు పోగొట్టుకోకూడదు.

ఇక మళ్లీ మళ్లీ వచ్చి పోయే నొప్పి. ఇక్కడ మా మేనమామ సంగతి చెప్పాలి.

ఆయనకి అప్పుడు 58. బుచ్చిరెడ్డిపాలెం అవతల ఊరు, మూడెకరాల వరి. పొద్దున్నే కాలవగట్టు మీద పొలానికి నడిచేవాడు, కల్వర్టు దగ్గరికి వచ్చేసరికి ఛాతీ అడుగున పట్టేసేది. కల్వర్టు గోడ మీద కూర్చునేవాడు, రెండు మూడు తేన్పులు వచ్చేవి, ఐదు నిమిషాల్లో నొప్పి పోయేది, లేచి నడిచేవాడు. మూడు నెలలు ఇదే వరస. తేన్పు వచ్చాక తగ్గుతోంది కాబట్టి గ్యాసే అని ఆయన తీర్మానం. గ్యాస్ బిళ్ళ పాంటాప్రజోల్ స్ట్రిప్పులు ఇచ్చింది నేనే. మధ్యలో ఒకచోట ఈసీజీ తీయించుకున్నాడు, బాగానే ఉందన్నారు, దాంతో ధైర్యం ఇంకా పెరిగింది. డిసెంబరులో వాళ్లింటికి వెళ్లినప్పుడు పొద్దున్నే ఆయన వెనకే గట్టు మీద నడిచాను. కల్వర్టుకి ఇరవై అడుగుల ముందు మాట ఆపేశాడు. తువ్వాలు పట్టుకున్న చెయ్యి బిగుసుకుంది. అంత చలిలో పైపెదవి మీద చెమట చుక్కలు.

"మామా, అన్నం తిని పడుకుంటే వస్తుందా ఇది?"

"రాదు."

"టీవీ ముందు కూర్చుంటే?"

"రాదురా. ఇక్కడికొస్తేనే."

"యూరియా బస్తా ఎత్తుకుని వస్తే?"

"ఇంకా ముందే వస్తుంది, ఆ చింతచెట్టు కాడికే."

ఆయన నొప్పిని తగ్గించింది తేన్పు కాదు, కూర్చోవడం. నడిస్తే రావడం, బరువు మోస్తే ఇంకా ముందే రావడం, ఆగితే పోవడం, గుండె రక్తనాళం సన్నబడిన నొప్పి ఇలాగే ఉంటుంది. మామూలు ఈసీజీ పట్టేది దాదాపు పది సెకన్ల పాటు గుండెలో నడిచే కరెంటు తీరు మాత్రమే, అది కూడా బల్ల మీద తీరిగ్గా పడుకున్నప్పుడు. గట్టు మీద వచ్చే నొప్పి ఆ కాగితంలో కనపడకపోవడంలో వింతేమీ లేదు. తర్వాత నెల్లూరులో గుండె డాక్టర్ చూసి, గుండె స్కానింగ్ ఎకో తీసి, నడిపించి చేసే టీఎంటీ పరీక్ష చేయించి, యాంజియోగ్రామ్ చేస్తే కుడివైపు రక్తనాళంలో అడ్డు కనిపించింది, స్టెంటు వేశారు. ఇప్పుడు అదే కల్వర్టు దాటి పొలానికి పోతున్నాడు. ఆ మూడు నెలలు నేను స్ట్రిప్పులు చింపి ఇస్తూ కూర్చున్నది మాత్రం నాకు గుర్తొచ్చినప్పుడల్లా బాధగానే ఉంటుంది.

కాబట్టి పేరు పెట్టకండి, రాసుకోండి. పాత క్యాలెండర్ కాగితం వెనకైనా సరే, రెండు వారాలు రాయండి. ఎన్ని గంటలకి వచ్చింది, అప్పుడు ఏం చేస్తున్నారు, అంతకుముందు ఏం తిన్నారు, ఎంతసేపు ఉంది, ఏం చేస్తే పోయింది. ఇంకోటి, నొప్పి ఎక్కడో చూపించమంటే మీ చెయ్యి ఏం చేస్తుందో చూసుకోండి. ఒక్క వేలుతో "ఇదిగో ఇక్కడ" అని చూపిస్తున్నారా, అరచెయ్యో పిడికిలో పెట్టి ఛాతీ అంతా చూపిస్తున్నారా? వేలితో చూపించే నొప్పి ఎక్కువగా ఎముకదో కండరానిదో, అరచేత్తో చూపించేది లోపలిది. ఇది కొలబద్ద కాదు, అయినా డాక్టర్లకి పనికొచ్చే వివరమే. రాసుకునే ఈ రెండు వారాల్లో నొప్పి తక్కువ శ్రమకే రావడం మొదలైనా, రోజు రోజుకీ ఎక్కువైనా, ఊరికే కూర్చున్నప్పుడు వచ్చినా రాయడం ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. నడిస్తే వచ్చి ఆగితే పోతోందని మొదటిరోజే తెలిసిపోతే కూడా రెండు వారాలు అక్కర్లేదు, వెంటనే గుండె పరీక్ష చేయించుకోండి.

రాసుకున్న కాగితంలో తిండి ఎక్కువగా కనిపిస్తే పులుపు నొప్పి కావచ్చు. కడుపులో ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నితే రొమ్ము ఎముక వెనక మంట, గొంతులోకి పుల్లటి నీళ్లు, పులితేన్పులు, వంగినా పడుకున్నా ఎక్కువవడం, తెల్లవారుజామున పొడిదగ్గు, ఇలా ఉంటుంది. మన వైపు దీనికి కొదవేముంది. రాత్రి చేపల పులుసు, మామిడికాయ వేసి చింతపండు చిక్కగా పిండి కారం దట్టించింది, మర్నాటికి ఇంకా రుచి అని పొద్దున ఇడ్లీలోకి కూడా అదే. పులుసు మానేయమని నేను చెప్పను, నేనే మానలేను. రాత్రి పదింటికి తిని పదిన్నరకి పడుకోవడం మాత్రం మానండి. తిన్నాక పడుకోవడానికి మధ్య రెండు మూడు గంటలు ఉండాలి. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా ఉండే కుర్రాళ్లలో ఈ నొప్పి చాలా చూస్తాను. నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లు ఆగకుండా చూసుకుంటూ అర్ధరాత్రి క్యారియర్ విప్పి తిని, షెడ్డులో అలాగే వాలిపోతారు, మధ్యలో నాలుగు టీలు, సిగరెట్లు. పొగాకు బ్యారన్ల దగ్గర ఆకు కాల్చే సీజన్లో రాత్రుళ్లు మంట చూసేవాళ్ల పరిస్థితీ ఇదే. వీళ్లకి నేను చెప్పేది, పెద్ద భోజనం ఎనిమిదింటికే తినేయండి, అర్ధరాత్రి ఆకలేస్తే అరటిపండు లాంటిది చాలు. ఎడమవైపుకి తిరిగి పడుకుంటే మంట తగ్గుతుంది. తలగడలు పేర్చుకుంటే మెడ వంగుతుందే తప్ప లాభం ఉండదు, మంచం తలవైపు కాళ్ల కింద ఇటుకలు పెట్టి జానెడు లోపు ఎత్తు పెంచండి.

గ్యాస్ బిళ్ళ గురించి ఒక మాట. పాంటాప్రజోల్, ఒమిప్రజోల్ లాంటివి నొప్పి వచ్చాక వేసుకునేవి కావు. పొద్దున టిఫిన్‌కి అరగంట ముందు, పరగడుపున వేసుకోవాలి, పూర్తిగా పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది. బిర్యానీ తిన్నాక వేసుకుని "పనిచేయలేదన్నా, పవర్ ఎక్కువది ఇయ్యి" అంటారు. రెండు వారాలు సరిగ్గా వాడినా తగ్గకపోతే ఇంకో స్ట్రిప్పు కొనకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఇంకో మాట, గ్యాస్ సిరప్ తాగగానే తగ్గింది కాబట్టి గుండెది కాదు అని రాసిపెట్టుకోవద్దు. గుండె నొప్పి కూడా ఆ సమయానికి దానంతట అదే తగ్గొచ్చు.

కడుపులో పుండు నొప్పి ఇంకో రకం. కొందరికి ఖాళీ కడుపున, రాత్రి రెండింటికి లేపేస్తుంది, ఏదో ఒకటి తింటే తగ్గుతుంది, కొందరికి తింటే ఎక్కువవుతుంది. ఎక్కువ మందికి కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి, లేదా నొప్పుల బిళ్ళలు. ఈ రెండోదాని గురించి నాకు చాలా బాధ. చికున్‌గున్యా తర్వాత కీళ్లు పట్టేశాయని, నడుము నొప్పి అని డైక్లోఫినాక్ నెలల తరబడి వేసుకునేవాళ్లు మన పల్లెల్లో లెక్కలేనంత మంది, అందులో సగం మంది ఆ సంగతి డాక్టర్‌కి చెప్పరు, అది మందు కింద లెక్కే కాదన్నట్టు. కనిగిరి ప్రాంతంలో నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల ఒళ్లంతా నొప్పులతో ఈ బిళ్ళలకి అలవాటు పడినవాళ్లు ఉన్నారు, ఫ్లోరోసిస్ ముదిరితే వెన్నెముక, పక్కటెముకల కీళ్లు బిగుసుకుని ఛాతీ కూడా నొప్పి పెడుతుంది. ఆ బిళ్ళలు కడుపుకే కాదు, కిడ్నీకీ చేటు చేస్తాయి. మలం తారులా నల్లగా జిగటగా, విపరీతమైన వాసనతో వస్తే కడుపులో రక్తం కారుతోందని అర్థం, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఐరన్ బిళ్ళలు వాడేవాళ్లకి కూడా నల్లగా వస్తుంది గానీ అలా జిగట ఉండదు, అనుమానంగా ఉంటే చూపించుకోవడమే మంచిది. రక్తం వాంతి అయినా, ముద్ద దిగకపోయినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ఎండోస్కోపీ చేయించుకోవాలి. దానికి ఎందుకు అంత భయపడతారో గానీ, చాలామందికి కొద్ది నిమిషాల్లో అయిపోతుంది.

నొప్పి కుడివైపు పక్కటెముకల కింద ఉండి, నూనె పదార్థాలో మాంసమో తిన్న గంటకో రెండు గంటలకో మొదలై, అరగంట నుంచి కొన్ని గంటలు విడవకుండా పట్టుకుని, కుడి రెక్క ఎముక కిందికి పోతుంటే పిత్తాశయంలో రాళ్లు చూడాలి. మా పిన్నికి ఇదే. గుండె అని హడలిపోయి ఏడాదిలో నాలుగు ఈసీజీలు తీయించుకుంది, నాలుగూ బాగున్నాయి. ఆమె కాగితం మీద రాసింది చూస్తే నొప్పి వచ్చిన రోజులన్నీ పెళ్లి భోజనాలు, పండగ గారెలు, ఆదివారం మటన్. పరగడుపున అల్ట్రాసౌండ్ తీస్తే రాళ్లు తెలిసిపోయాయి. వీటిని అరటి దూట రసంతో కరిగిద్దాం అని ఎవరైనా చెబితే వినొద్దు, నొప్పి పెట్టే రాళ్లకి ఆపరేషనే దారి. నొప్పితో పాటు చలిజ్వరం, కళ్లు పచ్చబడటం ఉంటే అది అత్యవసరం.

మందు తాగేవాళ్లకి క్లోమం వాస్తే వచ్చే నొప్పిని మర్చిపోరు. కడుపు పైభాగం నుంచి వీపులోకి బాణం దిగినట్టు, ముందుకి వంగి కూర్చుంటే కాస్త ఊరట, ఆగని వాంతులు. దీనికి ఇంట్లో చేసేదేమీ లేదు, ఆసుపత్రికే. పిత్తాశయం రాళ్లు జారినా ఇదే నొప్పి వస్తుంది, కాబట్టి తాగనివాళ్లకి రాదని అనుకోవద్దు.

ఎముకలు, కండరాల నొప్పి మన పనులకి మామూలు. ధాన్యం బస్తాలు, రొయ్యల మేత బస్తాలు మోసేవాళ్లకి, చీమకుర్తి క్వారీల్లో పనిచేసేవాళ్లకి డొక్కల్లో పట్టేస్తుంటుంది. ఒకచోట వేలు పెట్టి నొక్కితే అదే నొప్పి తెలుస్తుంది, మెలి తిరిగినా, దగ్గినా, చెయ్యి పైకెత్తినా కలుక్కుమంటుంది. అడుగు పక్కటెముకల కొసలు వదులైతే వంగినప్పుడు టక్‌మని శబ్దం వచ్చి నొప్పి పెడుతుంది, ఇది చాలామందికి తెలియని కారణం, సంవత్సరాలు కడుపు మందులు వాడేస్తుంటారు. ఇంకో చిన్న విషయం, నలభై దాటినవాళ్లు స్నానం చేస్తూ రొమ్ము ఎముక చివర గట్టిగా చిన్న గడ్డలా తగిలి హడలిపోయి వస్తారు. అక్కడ పుట్టుకతోనే మెత్తటి కొస ఉంటుంది, వయసుతో గట్టిపడి ఎముకగా మారుతుంది. డాక్టర్‌కి ఒకసారి చూపించి నిశ్చింతగా ఉండండి, రోజూ నొక్కి చూసుకుంటే ఆ నొక్కుడికే నొప్పి పుడుతుంది. అయితే నొక్కితే నొప్పి ఉందని గుండె సంగతి వదిలేయొద్దు, రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు. వయసు, షుగర్, బీపీ, పొగ తాగే అలవాటు, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లు ఉండటం, వీటిలో ఏది ఉన్నా ముందు గుండె చూపించుకున్నాకే కండరం అనుకోవాలి.

ఊపిరి గట్టిగా పీల్చినప్పుడు సూదిలా గుచ్చుతుంటే ఊపిరితిత్తుల పొర వాచిందేమో చూడాలి, జ్వరం, దగ్గు ఉంటే న్యుమోనియా కావచ్చు. దగ్గు రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష చేయించండి, ప్రభుత్వ ఆసుపత్రిలో టీబీ పరీక్ష, మందులు ఉచితం. క్వారీల్లో, మార్కాపురం పలకల పనిలో రాతి దుమ్ము పీల్చినవాళ్లు డాక్టర్‌కి ఆ పని గురించి, ఎన్నేళ్లు చేశారో మొదటే చెప్పాలి, ఆ మాట చెప్పకపోతే ఎక్స్‌రేని వేరేగా చదివే అవకాశం ఉంది. కాన్పో ఆపరేషనో అయి మంచంలో ఉన్నవాళ్లకి ఒక కాలు వాచి, ఉన్నట్టుండి ఆయాసంతో ఛాతీ నొప్పి వస్తే ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అడ్డుపడి ఉండొచ్చు, 108కే ఫోన్ చేయాలి.

ఒకవైపే, వీపు నుంచి ముందుకి పట్టీలా మంటగా, చొక్కా తగిలినా ఓర్చుకోలేనట్టు ఉంటే రెండు మూడు రోజులు చర్మం చూస్తూ ఉండండి. నీటి పొక్కులు వరసగా లేస్తే అది సర్పి. పొక్కులు వచ్చిన 72 గంటల్లోపు వైరస్ మందు మొదలుపెడితే మంచి ఫలితం, కాబట్టి మంత్రం వేయించుకుంటే వేయించుకోండి, పసరు మాత్రం పూయకండి, ఆ మూడు రోజులు దానికే ఖర్చు చేయకండి.

టెన్షన్ వల్ల కూడా వస్తుంది. గుండె దడ, వేళ్లు తిమ్మిర్లు, ఊపిరి చాలనట్టు, చచ్చిపోతానేమో అనే భయం, పది నిమిషాల్లో తారస్థాయికి వెళ్లి మెల్లగా దిగుతుంది. అది నటన కాదు, నిజమైన నొప్పి, దానికీ వైద్యం ఉంది. కానీ ఆ మాట డాక్టర్ పరీక్షలన్నీ చూశాక చెప్పాలి. ఇంట్లో కోడలు నొప్పి అంటే మిగతావాళ్లు ముందే చెప్పేసే మాట కాకూడదు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు రాసుకున్న కాగితం, పాత ఈసీజీ ఎక్కడ తీసిందైనా సరే, వాడే బిళ్ళల ఖాళీ స్ట్రిప్పులు, నొప్పుల బిళ్ళలతో సహా, ఒక కవర్లో వేసుకోండి. పాత ఈసీజీ పక్కన పెట్టి చూస్తేనే కొత్త మార్పు తెలుస్తుంది. నెల్లూరులో ఆసుపత్రులుండే పొగతోటలో టోకెన్ తీసుకుని మూడు గంటలు కూర్చుని లోపలికి వెళ్లాక "గ్యాస్ సార్" అని మొదలుపెట్టకండి. "నడిస్తే వస్తోంది, కూర్చుంటే పోతోంది" అనో, "మటన్ తిన్న రాత్రి కుడివైపు వస్తోంది" అనో చెప్పండి. రక్తంలో ట్రోపోనిన్ పరీక్ష మొదట మామూలుగా ఉన్నా కొన్ని గంటలకి మళ్లీ తీస్తామంటే డబ్బుకోసమని కోపం తెచ్చుకుని లేచి రాకండి, గుండె కండరం దెబ్బతిన్నా ఆ ఆనవాలు రక్తంలో తేలడానికి సమయం పడుతుంది. రేషన్ కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ కింద, అదే ఇదివరకటి ఆరోగ్యశ్రీ, గుండె చికిత్స అవుతుందేమో ఆసుపత్రిలో ఆ కౌంటర్ దగ్గర చేరేముందే అడగండి, ఆధార్ కూడా ఆ కవర్లోనే పెట్టుకోండి.